పొట్లకాయకు చైనా చుట్టం: 'గ్వాలౌ' మందుకు ఆధారాలు ఎంతవరకు?

క్లుప్తంగా: చైనా సంప్రదాయ వైద్యంలో వాడే గ్వాలౌ తీగ మన పొట్లకాయ ప్రజాతికే చెందింది. దీని వేరులో దొరికే ట్రైకోసాంథిన్ అనే ప్రోటీన్‌ను సూదిమందుగా ఇస్తే గర్భం పోతుందని మనుషుల్లోనే తేలింది. హెచ్ఐవీ మీద పెట్టుకున్న ఆశలు మాత్రం ఫలించలేదు. షుగర్, గుండెజబ్బు, క్యాన్సర్ విషయంలో ఉన్న ఆధారాల్లో ఎక్కువ భాగం ప్రయోగశాలలవి, లేదంటే అనేక మూలికలు కలిపిన మందులవి. సూదిమందు మీద వచ్చిన ఫలితాలను కషాయానికి, టీ పొడికి అంటగట్టడం వల్లే గందరగోళం పుడుతోంది.

మూలికలు అమ్మే సైట్లలో 'ట్రైకోసాంథెస్ రూట్' అని వెతికితే ఎండబెట్టిన తెల్లటి వేరు ముక్కలు, వాటి పొడి ప్యాకెట్లు వరసగా కనిపిస్తాయి. పక్కన రాసే గుణాల జాబితా చాలా పొడుగు: దాహం తగ్గిస్తుంది, దగ్గు తగ్గిస్తుంది, షుగర్ అదుపులో పెడుతుంది, కణితులను కరిగిస్తుంది, హెచ్ఐవీ వైరస్‌ను చంపుతుంది. అదే పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, గర్భిణులు వాడకూడదన్న హెచ్చరిక కూడా ఉంటుంది. ఇందులో ప్రతి వాక్యం వెనకా ఏదో ఒక పరిశోధన ఉంది. ఆ పరిశోధన ఏ భాగం మీద జరిగింది, ఏ రూపంలో ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు అన్నవి మాత్రం ఆ పేజీలో ఉండవు. అసలు తేడా అంతా వాటి దగ్గరే ఉంది.

ఒకే తీగ, నాలుగు మందులు

ఈ మొక్క శాస్త్రీయ నామం ట్రైకోసాంథెస్ కిరిలోవై. దోస, సొర, కాకర, గుమ్మడి ఉన్న కుటుంబంలోదే. మన పెరటి పొట్లతీగ ట్రైకోసాంథెస్ కుకుమెరినా, అంటే రెండూ ఒకే ప్రజాతి. పువ్వు చూస్తే చుట్టరికం ఇట్టే తెలిసిపోతుంది. రెండింటికీ అంచుల్లో దారపు పోగులు వేలాడుతున్నట్టుండే తెల్లటి పూలే, చీకటి పడ్డాక విచ్చుకునేవే. కాయ దగ్గర పోలిక తప్పుతుంది. పొట్లకాయ పాములా సాగుతుంది, గ్వాలౌ కాయ గుండ్రంగా ఉండి పండితే నారింజ రంగుకు తిరుగుతుంది. దాన్ని కూరగాయగా కన్నా మందుగానే ఎక్కువగా పెంచుతారు. షాన్‌డాంగ్ రాష్ట్రం కాయకు, హెనాన్ రాష్ట్రంలోని ఆన్యాంగ్ ప్రాంతం వేరుకు పేరుపడ్డాయి.

చైనా ప్రభుత్వ ఔషధ ప్రామాణిక గ్రంథంలో ఈ ఒక్క మొక్క నాలుగు వేర్వేరు మందులుగా కనిపిస్తుంది. ఎండిన వేరు 'తియాన్‌హువాఫెన్'. పండిన కాయ 'గ్వాలౌ'. కాయ తొక్క ఒక మందు, గింజ మరొక మందు. వేటి మోతాదు వాటిదే, వేటి వాడుక వాటిదే. వేరును రోజుకు 10 నుంచి 15 గ్రాములు నీళ్లలో మరిగించి ఇస్తారు. ఒంట్లో వేడి, ఆగని దాహం, పొడి దగ్గు, చీముగడ్డలు దీనికి చెప్పిన లక్షణాలు. కాయను కఫం, ఛాతీ బరువుకు వాడతారు. గింజ మలబద్ధకానికి. సంప్రదాయ వైద్యులకు ఇవి నాలుగు మందులన్న స్పృహ ఎప్పుడూ ఉంది. 'ఈ మొక్క మంచిది' అని గంపగుత్తగా చెప్పే అలవాటు ప్రకటనలు రాసేవాళ్లతోనే వచ్చింది.

వాడుక చాలా పాతది. చైనా తొలి మూలికా గ్రంథం 'షెన్‌నోంగ్ బెన్‌సావో జింగ్'లోనే దీని వేరు గురించి ఉంది. క్రీ.శ. 3వ శతాబ్దం తొలినాళ్ల వైద్యుడు ఝాంగ్ ఝోంగ్‌జింగ్ ఛాతీనొప్పికి చెప్పిన ప్రసిద్ధ యోగంలో (మందుల కలయికలో) గ్వాలౌ కాయ, ఉల్లి జాతికి చెందిన ఒక గడ్డ, మద్యం కలుస్తాయి. ఆ యోగం రూపాలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఇంతకాలం వాడారంటే పని చేసే ఉంటుందన్న వాదన ఇక్కడే పుడుతుంది. పాత వాడుక వల్ల, ఎక్కడ వెతకాలో ఒక ఆచూకీ దొరుకుతుంది. పని చేస్తుందా లేదా అన్నది మాత్రం విడిగా తేల్చాలి. చైనా సంప్రదాయం నుంచే వచ్చిన ఆర్టెమిసినిన్ మలేరియా మందు అలాగే తేలింది. పాత గ్రంథంలోని సూచన పట్టుకుని తు యూయూ బృందం అసలు పదార్థాన్ని వేరు చేసింది, రోగుల మీద పరీక్షించింది, 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. గ్వాలౌ వేరు కథ కూడా అలాగే మొదలైంది, కానీ దారి వేరైంది.

వేరులోని ప్రోటీన్ ఏం చేస్తుంది?

ఈ వేరు పొడిని మరో మూలికతో కలిపి యోనిమార్గంలో పెట్టి గర్భం తీయించే నాటు పద్ధతి చైనాలో ఉండేది. దాని వెనక ఉన్న పదార్థం ఏమిటని షాంఘై పరిశోధకులు వెతికారు. 1970ల నాటికి ఒక ప్రోటీన్‌ను శుద్ధి చేసి, స్ఫటికాలుగా తీశారు. అదే ట్రైకోసాంథిన్. 247 అమైనో ఆమ్లాల గొలుసు, అణుభారం సుమారు 27,000. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మందు అణుభారం 129 మాత్రమే. ఈ అంకెల తేడా గుర్తుంచుకుంటే ముందుముందు చాలా విషయాలు తేలిగ్గా అర్థమవుతాయి.

ట్రైకోసాంథిన్ పనిచేసే తీరు శాస్త్రవేత్తలకు బాగా తెలుసు. ఈ మొక్కకు సంబంధించి అత్యంత గట్టి విజ్ఞానం ఏదంటే ఇదే. కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రాలు రైబోజోములు. ఒక్కో రైబోజోములో ఆర్ఎన్ఏ పోగు ఉంటుంది. ఆ పోగులో ఒక కీలక స్థానంలో ఉన్న అడినైన్ అనే ఒకే ఒక్క అక్షరాన్ని ట్రైకోసాంథిన్ ఊడబెరుకుతుంది. అంతటితో ఆ రైబోజోము పనికిరాకుండా పోతుంది. ఈ ప్రోటీన్ ఎంజైము కాబట్టి ఒక దాని పని ముగించి ఇంకొకదాని మీదికి పోతుంది. కొద్ది అణువులు లోపలికి వెళ్లినా కణం చావడానికి సరిపోతుంది.

ఆముదం గింజల్లోని ప్రాణాంతక విషం రైసిన్ చేసేదీ సరిగ్గా ఇదే పని, అదే అక్షరం మీద. మరి రైసిన్ అంత విషం ఎందుకైంది, ట్రైకోసాంథిన్ ఎందుకు కాలేదు? రైసిన్‌లో రెండు గొలుసులు ఉంటాయి. ఒకటి కోసేది, రెండోది కణం పైపొర మీది చక్కెరలను పట్టుకుని లోపలికి దారి చేసేది. ట్రైకోసాంథిన్‌కు కోసే గొలుసు ఒక్కటే ఉంది, దారి చేసేది లేదు. అందుకే చాలా కణాల్లోకి అది తేలిగ్గా దూరలేదు. కొన్ని రకాల కణాలు మాత్రం దాన్ని తమంతట తామే లోపలికి లాక్కుంటాయి. మాయ (గర్భంలో బిడ్డకు ఆహారం అందించే ప్లాసెంటా) పైపొరలోని కణాలు, మాక్రోఫేజులనే తెల్లకణాలు, మూత్రపిండాల్లోని గొట్టాల కణాలు అలాంటివి. ట్రైకోసాంథిన్ చరిత్రలోని మంచీ చెడూ ఈ మూడు రకాల కణాల చుట్టూనే తిరిగాయి.

మొదట మాయ సంగతి. సూదిమందు ఇచ్చాక మాయ పైపొర కణాలు దెబ్బతింటాయి, గర్భాన్ని నిలబెట్టే హెచ్‌సీజీ హార్మోను పడిపోతుంది, ప్రోస్టాగ్లాండిన్లు పెరిగి గర్భాశయం ముడుచుకుంటుంది. చైనా ఆసుపత్రుల్లో నాలుగైదు నెలల గర్భాలు తీయడానికి ఈ సూదిమందు వాడారు. ముత్యాల గర్భం, గర్భసంచి బయట నిలిచిన గర్భం, మాయ కణాల నుంచి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌లోనూ వాడారు. పనిచేసే తీరు తెలుసు, ఫలితమూ మనుషుల్లో కనిపించింది. కాబట్టి 'ఈ మొక్కకు శాస్త్రీయ ఆధారమే లేదు' అని కొట్టిపారేయడం కూడా తప్పే.

ఇబ్బంది మరోచోట వచ్చింది. ఇది శరీరానికి కొత్త ప్రోటీన్. జ్వరం, ఒళ్లునొప్పులు, దద్దుర్లు మామూలే. కొందరిలో ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ షాక్. అందుకే ముందు చర్మం మీద కొద్దిగా గుచ్చి పరీక్షించాకే ఇచ్చేవారు. ఒకసారి తీసుకున్నవాళ్లలో యాంటీబాడీలు తయారై, రెండోసారి ఇవ్వడం మరింత ప్రమాదమయ్యేది. 1988లో గర్భస్రావానికి వాడే మిఫెప్రిస్టోన్ మాత్రకు ఫ్రాన్స్, చైనా రెండూ అనుమతినిచ్చాక, ఇంత ముప్పు ఉన్న సూదిమందు అవసరం బాగా తగ్గింది.

1989: శాన్‌ఫ్రాన్సిస్కోలో 'కాంపౌండ్ క్యూ'

ఈ వేరుకు ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చింది గర్భస్రావం కాదు, ఎయిడ్స్.

అప్పటికి ఎయిడ్స్‌కు అనుమతి ఉన్న మందు ఒక్కటే, 1987లో వచ్చిన ఏజెడ్‌టీ. దాని దుష్ప్రభావాలు భరించలేనివాళ్లు ఎందరో, పనిచేయనివాళ్లు ఇంకెందరో. 1989 ఏప్రిల్‌లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ఒక పరిశోధన పత్రం వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ మెక్‌గ్రాత్, జెనెలాబ్స్ కంపెనీ, హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి చేసిన పని అది. శుద్ధి చేసిన ట్రైకోసాంథిన్‌కు జీఎల్‌క్యూ223 అని పేరు పెట్టారు. హెచ్ఐవీ సోకిన కణాల్లో వైరస్ పెరగకుండా అది ఆపింది. లింఫోసైట్లలోనే కాదు, మాక్రోఫేజుల్లో కూడా. మాక్రోఫేజులు వైరస్‌కు దాక్కునే చోటు, ఏజెడ్‌టీకి అంతగా లొంగని చోటు. అలాంటి కణాల మీద పనిచేసే మందు దొరికిందంటే ఆశలు ఆకాశాన్ని అంటడంలో వింతేమీ లేదు.

అయితే అది గాజు పాత్రల్లో జరిగిన ప్రయోగం. మనుషుల మీద ట్రయల్ అధికారికంగా ఆ ఏడాది మే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ ఆసుపత్రిలో చాలా తక్కువ మోతాదుతో, చాలా జాగ్రత్తగా మొదలైంది. రోగులకు అంత ఓపిక లేదు, వాళ్ల దగ్గర అంత సమయమూ లేదు. మార్టిన్ డెలానీ నడిపిన ప్రాజెక్ట్ ఇన్ఫార్మ్ అనే రోగుల హక్కుల సంస్థ, కొందరు డాక్టర్లతో కలిసి, చైనా నుంచి తెప్పించిన ట్రైకోసాంథిన్‌ను అనుమతి లేకుండానే ఒక ప్రోటోకాల్ ప్రకారం రోగులకు ఎక్కించడం మొదలుపెట్టింది. జనం నోళ్లలో దాని పేరు కాంపౌండ్ క్యూ. శాన్‌ఫ్రాన్సిస్కోతో పాటు న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ వంటి నగరాల్లోనూ ఈ రహస్య ట్రయల్ జరిగింది.

కొద్ది వారాల్లోనే సంగతి బయటపడింది. కొందరు రోగుల్లో మందు ఎక్కించిన కొద్ది రోజులకే తికమక, మతిమరుపు, చివరికి కోమా వచ్చాయి. రోగనిరోధక శక్తికి కీలకమైన సీడీ4 తెల్లకణాలు బాగా పడిపోయినవాళ్లలో ఈ ముప్పు ఎక్కువగా కనిపించింది. ఒక రోగి కోమా నుంచి తేరుకున్నాక చనిపోయారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దర్యాప్తు చేసి ట్రయల్ ఆపించింది, 1990లో మార్పులతో కొనసాగించడానికి ఒప్పుకుంది. మాక్రోఫేజులు ఈ ప్రోటీన్‌ను ఇష్టంగా లోపలికి తీసుకుంటాయన్నదే మొదట్లో వరంలా అనిపించింది. మెదడులో వైరస్ నిండిన అవే కణాలు ఒక్కసారిగా చచ్చిపోతే ఏమవుతుందన్న ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. నాడీ సంబంధమైన దెబ్బకు అదే కారణమని అప్పటి పరిశోధకులు అంచనా వేశారు.

రహస్య ట్రయల్ ఫలితాలు, అధికారిక తొలి దశ ఫలితాలు రెండూ 1990లో వైద్య పత్రికల్లో వచ్చాయి. కొందరిలో వైరస్ ప్రోటీన్ పీ24 తగ్గింది, సీడీ4 కణాలు కొంత పెరిగాయి. పోల్చి చూడటానికి మందు ఇవ్వని రోగుల గుంపు లేదు. కాబట్టి ఆ పెరుగుదల మందు వల్లేనని తేల్చే వీలు లేకపోయింది. ఆ తర్వాత ఏజెడ్‌టీతో కలిపి ఇచ్చి చూశారు. చికిత్సగా నిలబడేంత ఫలితం రాలేదు. 1996 నాటికి మూడు మందుల కలయిక వచ్చి ఎయిడ్స్ వైద్యం రూపురేఖలే మారిపోయాయి, కాంపౌండ్ క్యూ చరిత్రలో కలిసిపోయింది.

రోగులే చొరవ తీసుకుని మందును పరీక్షించిన ఉదంతంగా కాంపౌండ్ క్యూకు వైద్య చరిత్రలో గౌరవమైన చోటే ఉంది. 'హెచ్ఐవీని చంపుతుంది' అని ఈనాటికీ ప్యాకెట్ల మీద రాసుకోవడానికి మాత్రం ఆ చరిత్రలో ఎక్కడా ఆధారం లేదు. కాకరకాయ గింజల్లోని మ్యాప్30 అనే ఇలాంటి ప్రోటీన్ విషయంలోనూ ఇదే జరిగింది. 1990లో ప్రయోగశాలలో హెచ్ఐవీని అడ్డుకుందన్న వార్త వచ్చింది, అది కాస్తా 'కాకరరసంతో ఎయిడ్స్ నయం' అన్న ప్రచారంగా మారింది.

సూదిమందు వేరు, కషాయం వేరు

ఇంతవరకు చెప్పిందంతా శుద్ధి చేసి, కండరంలోకో రక్తంలోకో ఎక్కించిన ప్రోటీన్ సంగతి. సంప్రదాయ వైద్యుడు ఇచ్చేది ఆ ప్రోటీన్ కాదు, మరిగించిన నీళ్లు.

ప్రోటీన్ అన్నది ఒక ప్రత్యేకమైన మడతలో ఉంటేనే పనిచేస్తుంది. ఉడికిన గుడ్డులో తెల్లసొన మళ్లీ నీరుగా మారనట్టే, అరగంటకు పైగా మరిగిన ప్రోటీన్ మడత మళ్లీ యథాస్థితికి రావడం అరుదు. మిగిలిన కాస్తను కడుపులోని ఆమ్లం, ఎంజైములు ముక్కలు చేస్తాయి. 27,000 అణుభారం ఉన్న పదార్థం పేగుగోడ దాటి రక్తంలో చేరడం మామూలుగా జరిగే పని కాదు. ఇన్సులిన్‌ను మాత్రగా ఇవ్వలేకపోవడానికి కారణమూ ఇదే. ఇన్సులిన్ అణుభారం ట్రైకోసాంథిన్‌లో ఐదో వంతు ఉంటుంది, అయినా దానికే దారి దొరకడం లేదు. ఆర్టెమిసినిన్ అణుభారం 282. అందుకే అది మాత్రగా మింగినా పనిచేస్తుంది, ట్రైకోసాంథిన్ చేయలేదు.

దీన్నుంచి రెండు విషయాలు తేలతాయి. సూదిమందులో కనిపించిన వైరస్ వ్యతిరేక, క్యాన్సర్ వ్యతిరేక గుణాలు కషాయంలో ఉంటాయని ఆశించడానికి కారణం లేదు. అలాగని కషాయం నిరపాయమని కూడా అనుకోకూడదు. పచ్చి వేరు రసం, సరిగా ఉడకని పొడి, యోనిమార్గంలో వాడే నాటు పద్ధతులు మరిగించిన నీళ్ల లెక్కలోకి రావు. వేరులో లెక్టిన్లనే (చక్కెరలను పట్టుకునే) ఇతర ప్రోటీన్లు కూడా ఉన్నాయి. చైనా ప్రామాణిక గ్రంథం గర్భిణుల విషయంలో జాగ్రత్త చెప్పేది సూదిమందుకు కాదు, ఈ ఎండు వేరుకే.

క్యాన్సర్ మీద ప్రచురితమైన పత్రాలు లెక్కకు చాలా ఎక్కువ. ట్రైకోసాంథిన్ ఒకవైపు, కుకుర్బిటాసిన్ డి అనే చేదు పదార్థం మరోవైపు, రెండూ పాత్రల్లో పెంచిన క్యాన్సర్ కణాలను చంపాయి. పాత్రలో కణాన్ని చంపడం అంత కష్టమైన పని కాదు. పక్కనున్న మంచి కణాన్ని వదిలేయడమే అసలు కష్టం, ఆ దశ దాటిన రుజువు మనుషుల్లో లేదు. మూత్రపిండాల సమస్యా తేలలేదు. రక్తంలో చేరిన ట్రైకోసాంథిన్ మూత్రపిండాల్లో వడపోతకు గురై, అక్కడి గొట్టాల కణాల్లో మెగాలిన్ అనే గ్రాహకం ద్వారా లోపలికి చేరుతుంది, అక్కడ నష్టం చేస్తుంది. ప్రోటీన్ చుట్టూ పీఈజీ అనే పాలిమర్ పూత పూసి అలర్జీని, మూత్రపిండాల వడపోతను తగ్గించే ప్రయత్నాలు జరిగాయి. అవి ఇంకా జంతువుల స్థాయిలోనే ఉన్నాయి.

షుగర్‌కు పనిచేసేది వేరా, అందులో కలిపిన మాత్రా?

'ఆగని దాహం'కు వేరు వాడాలన్న పాత సూచన ఆధునిక కాలంలో డయాబెటిస్‌కు అతుక్కుంది. 1989లో జపాన్ పరిశోధకులు ఈ వేరు నుంచి ఐదు పెద్ద చక్కెర గొలుసులను వేరుచేశారు. వాటికి ట్రైకోసాన్ ఏ, బీ, సీ, డీ, ఈ అని పేర్లు పెట్టారు. అవి ఎలుకల్లో రక్తంలోని గ్లూకోజ్‌ను తగ్గించాయి. వేరును మాత్రమే ఇచ్చి, డయాబెటిస్ రోగుల్లో పెద్ద ట్రయల్ చేసి చూపించిన ఫలితం మాత్రం లేదు.

చైనాలో విస్తృతంగా అమ్ముడయ్యే 'షియావోకె' మాత్రల పేరు ఇక్కడ తరచూ వినిపిస్తుంది. ఇందులో తియాన్‌హువాఫెన్‌తో పాటు మరికొన్ని మూలికలు, మొక్కజొన్న పీచు ఉంటాయి. ఒక్కో మాత్రలో 0.25 మిల్లీగ్రాముల గ్లిబెన్‌క్లమైడ్ కూడా ఉంటుంది. ఇది మన మెడికల్ షాపుల్లో దొరికే షుగర్ మందే. దొంగచాటుగా కలిపింది కాదు, అనుమతి పొందిన ఫార్ములాలో బాహాటంగా ఉన్నదే. ఒక పూటకు పది మాత్రలు వేసుకుంటే 2.5 మిల్లీగ్రాముల గ్లిబెన్‌క్లమైడ్ లోపలికి వెళ్లినట్టు.

2013లో చైనాలో 800 మంది రోగులతో 48 వారాలు జరిగిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. డాక్టర్‌కూ రోగికీ ఎవరికి ఏది ఇస్తున్నారో తెలియకుండా, షియావోకె మాత్రలను ఒట్టి గ్లిబెన్‌క్లమైడ్‌తో పోల్చారు. షుగర్ అదుపు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా ఉంది, షుగర్ మరీ పడిపోయే హైపోగ్లైసీమియా మాత్రం షియావోకె వాడినవాళ్లలో తక్కువ. సంప్రదాయ మందుల ట్రయల్స్‌లో ఇంత పద్ధతిగా జరిగినవి తక్కువ కాబట్టి ఈ ఫలితానికి విలువ ఉంది. అయితే రెండు గుంపులకూ అల్లోపతి మందు అందింది. తేడా ఏమైనా ఉంటే అది మూలికల కలయికది, అందులో గ్వాలౌ వేరు వాటా ఎంతో ఈ ట్రయల్ చెప్పదు, చెప్పేలా దాన్ని రూపొందించలేదు కూడా. 'వేరుతో షుగర్ తగ్గుతుందని 800 మందిలో రుజువైంది' అని ఎవరైనా రాస్తే అది సగం నిజం కూడా కాదు.

కాయ, తొక్క: గుండె విషయం

ఛాతీనొప్పి యోగంలో కాయ ఉందని పైన చెప్పుకున్నాం. నేటి చైనాలో ఆ వారసత్వం మూడు రూపాల్లో నడుస్తోంది: పాత కషాయం, పది మూలికల డాన్‌లౌ మాత్ర, గ్వాలౌ తొక్క నుంచి తీసిన సూదిమందు. యాంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీనొప్పి) రోగుల్లో వీటి మీద చైనీస్ భాషలో వచ్చిన ట్రయల్స్ చాలానే ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి చూసిన సమీక్షలు దాదాపు ఒకే మాట చెబుతాయి. నొప్పి తగ్గినట్టు, ఈసీజీ మెరుగైనట్టు కనిపిస్తోంది, కానీ ట్రయల్స్ చిన్నవి, ఎవరికి ఏ మందో దాచిపెట్టకుండా చేసినవి, మామూలు మందులకు తోడుగా ఇచ్చినవి. నొప్పి తగ్గిందా అన్నది రోగి నోటిమాట మీద ఆధారపడే కొలత. తనకు అదనంగా మందు ఇస్తున్నారని తెలిసిన రోగి తగ్గిందనే చెప్పే అవకాశం ఎక్కువ. మరణాలు, గుండెపోట్లు తగ్గాయని పెద్ద ట్రయల్‌తో నిరూపించే వరకు దీన్ని అవకాశం ఉన్న మందుగానే లెక్కేయాలి.

గింజల సంగతి తేలిక. చైనాలోని అన్‌హుయి, ఝెజియాంగ్ ప్రాంతాల్లో వీటిని వేయించి, పొద్దుతిరుగుడు గింజల్లా ఒలుచుకు తింటారు. నూనెలో ప్యూనిసిక్ ఆమ్లం ఎక్కువ, దానిమ్మ గింజల నూనెలో ఉండేదీ అదే. తిండిగా బాగానే ఉంటాయి. మందుగా చెప్పుకోదగ్గ మానవ ఆధారం లేదు.

మరి మన పొట్లకాయ?

బంధుత్వం ఉంది కాబట్టి భయపడాలా అన్న సందేహం సహజం. పొట్ల గింజల్లోనూ ఈ కుటుంబపు ప్రోటీన్లు ఉన్నాయి. వాటిలో ఒకటైన పొట్ల గింజల లెక్టిన్ మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పరిశోధన సాగింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థతో కలిసి 2013లో దాని నిర్మాణాన్ని ప్రచురించారు. చూడటానికి అది రైసిన్ నమూనాలోనే ఉంది, రెండు పనులకూ తగిన భాగాలున్నాయి, కానీ విషం కాదు. ఒకే కుటుంబంలోని ప్రోటీన్లు కూడా ఒకేలా ప్రవర్తించవని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

వంటింట్లో లేత కాయనే వండుతాం, ముదురు గింజలు తీసేస్తాం, పైగా ఉడికిస్తాం. గ్వాలౌ వేరు సూదిమందు ఫలితాలు పొట్లకాయ పెరుగుపచ్చడికి ఏ విధంగానూ వర్తించవు. పొట్లకాయ, కోడిగుడ్డు కలిపి తింటే విషమన్న నమ్మకానికి ఇందులో శాస్త్రీయ మద్దతు వెతుక్కునేవాళ్లు కూడా ఉంటారు. అలాంటిదేమీ లేదు.

జాగ్రత్త పడాల్సింది చేదు కాయ విషయంలో. ఈ కుటుంబంలో కాకర కాని కాయ చేదుగా ఉందంటే కుకుర్బిటాసిన్లు ఎక్కువగా ఉన్నట్టు లెక్క, వాటిని ఉడికించినా పోగొట్టలేం. చేదు సొరకాయ రసం తాగి కొందరు ఆసుపత్రి పాలై, మరణాలు కూడా జరిగాక భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణుల కమిటీ వేసింది. చేదుగా ఉన్న సొరరసం తాగొద్దని ఆ కమిటీ హెచ్చరించింది. పొట్లకాయ ముక్క కొరికి చూసి చేదైతే పారేసే మన ఇళ్లలోని అలవాటు అక్షరాలా సరైనదే.

కొనేవాళ్లు చూసుకోవాల్సినవి

అమెరికా, సింగపూర్ వంటి చోట్ల చైనా మూలికల దుకాణాలు అందుబాటులో ఉన్న తెలుగువాళ్లకు ఈ వేరు, దీనితో చేసిన మాత్రలు తారసపడుతుంటాయి. ఆన్‌లైన్‌లో ఎవరికైనా దొరుకుతాయి. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు వీటి జోలికి పోకూడదు. గర్భం వద్దనుకునేవాళ్లు కూడా దీన్ని దారిగా ఎంచుకోకూడదు. ఎండు వేరులో ట్రైకోసాంథిన్ ఎంత ఉందో ప్యాకెట్ మీద ఉండదు, షాక్ వస్తే కాపాడటానికి పక్కన ఎవరూ ఉండరు. గర్భస్రావానికి, డయాబెటిస్‌కు, క్యాన్సర్‌కు మందు అంటూ ప్రకటనలు ఇవ్వడం మన దేశంలో 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం కూడా.

వత్సనాభి చేర్చిన మందులతో గ్వాలౌ ఏ భాగాన్నీ కలపకూడదని చైనా వైద్యమే చెబుతుంది. వాళ్ల 'పద్దెనిమిది విరోధాల' జాబితాలో ఈ జంట ఉంది. వేరు తెల్లగా మెరవడానికి గంధకపు పొగ పెట్టే అలవాటు మూలికల వ్యాపారంలో ఉంది. చైనా ప్రమాణం ప్రకారం తియాన్‌హువాఫెన్‌లో సల్ఫర్ డయాక్సైడ్ అవశేషం కిలోకు 400 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇది పట్టించుకోవాల్సిన విషయం. మరీ తెల్లగా ఉండి, పుల్లటి ఘాటు వాసన వచ్చే ముక్కలను అనుమానించాలి.

ఇప్పటికే షుగర్ మందులు వాడుతున్నవాళ్లు చైనా షుగర్ మాత్రల లేబుల్‌లో గ్లిబెన్‌క్లమైడ్ ఉందేమో చూసుకోవాలి. రెండూ కలిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది, భోజనం మానేసిన పూట, రాత్రి నిద్రలో, పెద్దవయసువాళ్లలో మరీను. లేబుల్ చైనీస్ లిపిలో మాత్రమే ఉంటే ఫార్మసిస్ట్‌కో డాక్టర్‌కో చూపించాకే ఆ సీసా మూత తీయాలి.